గ్రూప్ ప్రాజెక్ట్ మొత్తం నేనే చేస్తున్నా, గైడ్‌కి చెప్పేయాలా?

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. కొత్తగా చదివేవాళ్ళ కోసం సంగతి క్లుప్తంగా చెప్తా. బెంగళూరులో ఇంజనీరింగ్ ఏడో సెమిస్టర్, ప్రాజెక్ట్‌కి నలుగురు, నువ్వూ ఇంకో ఇద్దరూ తెలుగువాళ్ళు, నాలుగోవాడు కర్ణాటకలోని హాసన్ ఊరి కన్నడ అబ్బాయి. కోడ్ నువ్వే, రిపోర్ట్ నువ్వే, ఆఖరికి పీపీటీలో ఫాంట్ సైజులు కూడా నువ్వే సరిచేశావు, మొదటి రివ్యూలో మాత్రం నలుగురికీ 50కి 35 వేసేశారు. ఫైనల్ రివ్యూకి ఇంకా ఏడు వారాలుంది. గైడ్‌కి చెప్పేయాలా, చెబితే ఫ్రెండ్‌షిప్ పోతుందా, అసలు ఈ గ్రూప్ వర్క్ అనే దిక్కుమాలిన పద్ధతి ఎందుకు పెడతారు, ఇవీ నీ మూడు ప్రశ్నలు. మధ్యలో రెండు మాటలు అలా అనేసి వెళ్ళిపోయావు, "హాసన్ అబ్బాయి ఏదో పంపాడు గానీ వాడేలా లేదు, నేనే మళ్ళీ రాసుకున్నా" అని ఒకటి, "వాట్సాప్ గ్రూప్‌లో అన్నీ తెలుగులోనే మాట్లాడుకుంటాం కాబట్టి కమ్యూనికేషన్ ప్రాబ్లం ఏం లేదు" అని ఇంకోటి. ఆ రెండూ గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తా వాటి దగ్గరికి.

అంతా చదివే ఓపిక లేకపోతే ముందే చెప్పేస్తా. గైడ్‌కి చెప్పు, కానీ ఇవాళ కాదు, పది రోజులాగి, చేతిలో కాగితం పెట్టుకుని చెప్పు, "వాళ్ళు పని చెయ్యట్లేదు సార్" అని మాత్రం అనకు. ఫ్రెండ్‌షిప్ అంటావా, నువ్వు రాసిన తీరు చూస్తే అది ఇప్పటికే సగం పోయింది, నోరు మూసుకుంటే మిగతా సగం లోపల్లోపల పోద్ది. మూడో ప్రశ్నకే జవాబు పెద్దది.

నేనెవరంటే, ఆరేళ్ళు ఇక్కడ బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసి, తర్వాత టీచింగ్‌లోకొచ్చి 13 ఏళ్ళైంది, ఏటా ఏడెనిమిది ప్రాజెక్ట్ బ్యాచ్‌లకి గైడ్‌ని. నా స్టూడెంట్స్ వయసే నీది కాబట్టి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు. ఇంకో మాట చివర్లో చెబుదామనుకున్నా గానీ ఇప్పుడే చెప్పడం న్యాయం, మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో పని చెయ్యనివాణ్ణి నేనే.

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి మీటింగ్‌లో తలా ఒక చీటీ ఇచ్చి, పేరు లేకుండా, ఇంతకుముందు గ్రూప్ వర్క్‌లో నీకు జరిగింది ఒక్క ముక్కలో రాయి అంటా. వచ్చేవి ఇలా ఉంటాయి. "మార్కులు నలుగురికి, నిద్రలేని రాత్రులు నాకు." "మీటింగ్ అంటే క్యాంటీన్." "చేసేవాడికి కాదు, మాట్లాడేవాడికి మార్కులు." ఇవి నీలాంటివాళ్ళు రాసేవి. అదే కట్టలో ఇంకో రకం చీటీలు కూడా ఉంటాయి, "నాకు పని ఇవ్వలేదు", "నన్ను గ్రూప్‌లో వేసుకుంది నాకు వేరే ఎవరూ లేరని", "నేను అడిగితే నువ్వు చూడు చాలు అన్నారు". ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "నలుగురితో కలిసి పనిచెయ్యడం నాకిష్టం లేదు" అని రాయలేదు. ఎలా రాస్తారు, ఇదే పిల్లలు కాలేజ్ ఫెస్ట్‌కి స్టేజ్ కట్టడానికి మూడు రాత్రులు మేలుకుంటారు, పీజీ ఓనర్‌కి తెలియకుండా ఇండక్షన్ స్టవ్ మీద పదిమందికి చికెన్ వండుతారు, ఒకడు ఉల్లిపాయలు, ఒకడు మసాలా, ఒకడు గుమ్మం దగ్గర కాపలా, ఎవడూ ఎవడికీ పని చెప్పక్కర్లేదు. కాబట్టి మీకు కలిసి పనిచెయ్యడం మీద మంట లేదు, అందరి పని ఒక కుప్పలో పోసి దానికి ఒకే మార్కు వెయ్యడం మీద మంట. ఈ మంట బెంగళూరులోనే ఉందనుకోకు, 1981లోనే ఒక కమ్యూనికేషన్ పరిశోధనలో దీనికి గ్రూప్‌హేట్ అని పేరు కూడా పెట్టేశారు.

ఆ కుప్ప సంగతి మనకి చిన్నప్పట్నించీ తెలుసు. రాజుగారు కోనేరు పాలతో నింపాలి, ఇంటికో చెంబు పాలు రాత్రి వచ్చి పొయ్యండి అంటాడు, ఇంతమంది పాలు పోస్తారు కదా నా ఒక్క చెంబు నీళ్ళు ఎవడికి తెలుస్తుందిలే అని ప్రతి ఒక్కడూ నీళ్ళే పోస్తాడు, తెల్లారి చూస్తే కోనేరు నిండా నీళ్ళు. మన కథలో ఇది మనుషుల దొంగబుద్ధి కిందకి పోద్ది. కొలిచి చూసినవాళ్ళు వేరే మాట చెప్పారు. 1880ల్లో ఫ్రాన్స్‌లో మాక్స్ రింగెల్‌మన్ అని ఒక వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు, ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కడి వంతు, వాడు ఒంటరిగా లాగినదాంట్లో సుమారు సగానికి పడిపోయింది. సరే, కలిసి లాగేటప్పుడు లయ కుదరక అలా అయ్యుంటుంది అనుకోవచ్చు కదా, ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగినట్టు. అందుకని 1974లో అమెరికాలో ఇంకొకళ్ళు కళ్ళకి గంతలు కట్టి, నీ వెనక ఇంకా మనుషులు లాగుతున్నారు అని చెప్పి, నిజానికి వాడొక్కడి చేతే లాగించారు, అప్పుడు కూడా బలం తగ్గింది. అంటే వెనకాల మనుషులున్నారు అన్న నమ్మకమే చెయ్యి వదులు చేస్తుంది. 1979లో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే ముగ్గురు చప్పట్లు కొట్టించి, అరిపించి అదే చూశారు, సోషల్ లోఫింగ్, అంటే గుంపులో పుట్టే బద్ధకం, అన్న మాట అక్కడ్నించే బాగా వాడుకలోకొచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకి వీళ్ళే తేల్చిన సంగతి నీకు అసలు పనికొచ్చేది, ఎవరి అరుపు వాళ్ళది విడిగా కొలుస్తున్నాం అని నమ్మించగానే ఆ బద్ధకం పోయింది. మనుషులు వాళ్ళే, గుంపు అదే. మారిందల్లా నా చెంబు ఎవరో చూస్తున్నారు అన్నది ఒక్కటే.

ఇంకొంచెం బాధ కలిగించే ముక్క ఒకటుంది. 1983లో కెర్ అనే ఆయన చూపించాడు, పక్కవాడికి చేతనవుతుంది, అయినా చెయ్యట్లేదు అని తెలిశాక, బాగా చేసేవాడు కూడా తన పని తగ్గించుకుంటాడు, వెర్రివాణ్ణి అవ్వడం కంటే ఓడిపోవడమే నయం అనిపిస్తుంది మనిషికి. మా డిపార్ట్‌మెంట్‌లో నేను చూసేదీ ఇదే, మూడో సెమ్‌లో మొత్తం మోసిన పిల్ల ఆరో సెమ్‌కి వచ్చేసరికి "నాకేం పట్టింది సార్" అంటుంది. అలా నలుగురూ నీళ్ళు పోసేవాళ్ళే అయిపోతారు. అందరూ అందలం ఎక్కితే మోసేదెవరు అని మా అమ్మమ్మ అనేది, మోసి మోసి విసుగొచ్చినవాడే ఆఖరికి అందలం ఎక్కుతాడు అని ఆవిడకి తెలీదు పాపం.

ఇప్పుడు నీకు నచ్చని భాగం. ఆ చీటీలతో పాటు పాత గ్రూపుల వాళ్ళని ఇంకోటి అడుగుతా, మొత్తం పనిలో నువ్వు చేసింది ఎంత శాతం అని. నలుగురివీ కూడితే వంద రావాలి కదా. ఒక్కసారి కూడా వంద రాలేదు, ఒక గ్రూప్‌కి 230 వచ్చింది, వాళ్ళందరి ముందే బోర్డు మీద కూడి చూపించా, ముందు నవ్వారు, తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మనం చేసిన పని మన ఒంటికి తెలుసు, రాత్రి రెండింటికి ఎర్రర్ వచ్చినప్పటి తలనొప్పితో సహా గుర్తుంటుంది, పక్కవాడు తన రూమ్‌లో ఏం కుస్తీ పట్టాడో మనకి కనబడదు. రాస్, సికోలీ అని ఇద్దరు 1979లోనే భార్యాభర్తల్ని ఇంటిపని గురించి అడిగినా ఇదే లెక్క తేలింది. నువ్వు అబద్ధం చెప్తున్నావనట్లేదు, నీ 90 శాతం నిజంగా 70 అయ్యుండొచ్చు అంటున్నా, 70 అయినా అన్యాయమే అనుకో.

రెండేళ్ళ క్రితం ఒక గ్రూప్ నా క్యాబిన్‌కొచ్చింది, ముగ్గురు ఒకవైపు నుంచున్నారు, చిత్తూరు వైపు అబ్బాయి ఒక్కడూ తలుపు పక్కన. కంప్లయింట్ ఏంటంటే వీడు రిపోర్ట్‌లో ఒక్క లైను రాయలేదని. సరే, గూగుల్ డాక్ తెరవండి అని వర్షన్ హిస్టరీ నొక్కాను. అందులో పక్కన ఒక్కొక్కరి పేరూ ఒక్కో రంగులో ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం రాశారో, ఏం తీసేశారో మొత్తం. కిందకి పోతూ పోతూ సెప్టెంబర్‌లో ఒక రాత్రి దగ్గర ఆగాను. తొమ్మిది నలభైకి ఆ అబ్బాయి పేరు, ఆకుపచ్చ రంగు, పేజీన్నర రాశాడు, లిటరేచర్ సర్వే. ఇంగ్లీషు అంత గొప్పగా లేదు, వాక్యాలు తెలుగులో ఆలోచించి రాసినట్టున్నాయి, కానీ అయిదు పేపర్లు నిజంగా చదివాడని తెలుస్తోంది, ఒక పేపర్‌లో డేటాసెట్ చిన్నది కాబట్టి ఆ రిజల్ట్ నమ్మలేం అని కూడా రాశాడు, అది మిగతా ముగ్గురిలో ఎవరూ పట్టుకోలేదు. అదే రాత్రి పదకొండుంపావుకి టాపర్ అమ్మాయి పేరు, ఊదా రంగు, ఆ పేజీన్నర మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్, దాని స్థానంలో తన మూడు పేజీలు. కామెంట్ లేదు, మెసేజ్ లేదు. ఆ తర్వాత రెండు నెలలు ఆకుపచ్చ రంగు ఎక్కడా లేదు. "ఎందుకు ఆపేశావురా" అని అడిగితే చాలాసేపు నేల చూసి, "నేను రాసింది బాలేదేమో సార్" అన్నాడు. ఆ అమ్మాయికి ఆ డిలీట్ చేసిన సంగతే గుర్తు లేదు, నిజంగానే గుర్తు లేదు, ఆ పూట డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉంది, క్యాబిన్‌లో నిలబడే ఏడ్చేసింది.

బద్ధకస్తులు లేరని కాదు, ఉన్నారు, బోలెడుమంది, వాళ్ళకి ఎంత చెప్పినా అంతే. కానీ నేను చూసిన "పని చెయ్యనివాళ్ళలో" చాలామందిని గ్రూపే అలా తయారు చేసింది. మొదటి వారంలో ఒక హుషారు పిల్లో పిల్లాడో మొత్తం చేతుల్లోకి తీసేసుకుంటారు, మిగతావాళ్ళు హమ్మయ్య అనుకుంటారు, నెల తిరిగేసరికి ఇద్దరూ ఆ పాత్రల్లోంచి బయటికి రాలేరు. 1993లో కారూ, విలియమ్స్ అనేవాళ్ళు ఇలాంటి 78 అధ్యయనాలు కలిపి చూస్తే, నా భాగం నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేరు అనిపించినప్పుడు, తెలిసినవాళ్ళతో చేస్తున్నప్పుడు, పని మీద కాస్త అభిమానం ఉన్నప్పుడు ఈ బద్ధకం బాగా తగ్గుతుందని తేలింది. "నువ్వు చూడు చాలు" అన్నాక ఆ మూడింట్లో ఏది మిగుల్తుంది చెప్పు.

నా సంగతి చెప్తానన్నా కదా. 2003, ఆంధ్రాలో ఒక కాలేజీ, మేం నలుగురం. మాలో ఒకడికి కోడింగ్ బాగా వచ్చు, వాడే మొత్తం చేశాడు, వాళ్ళింట్లో కంప్యూటర్ ఉండటం ఒక కారణం, నేను హాస్టల్. నా వంతు పని ఏంటంటే జిరాక్స్, స్పైరల్ బైండింగ్, వాడికి సాయంత్రం మిర్చి బజ్జీలు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయట్నించి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మిగతావాళ్ళని వదిలేసి నన్నే చూసి, ఈ డేటా ఫ్లో డయాగ్రమ్‌లో ఈ బాణం ఎక్కడికి పోతోంది అన్నాడు. నేను ఆ బాణాన్ని మొదటిసారి చూడటం అప్పుడే. వాడు పక్కనుంచి అందుకుని చెప్పేశాడు, ఎక్స్‌టర్నల్ చిన్నగా నవ్వి నెక్స్ట్ అన్నాడు, నాకూ వాడితో సమానంగా మార్కులొచ్చాయి. ఉద్యోగంలో చేరిన మొదటి ఆర్నెల్లు ఆ బాణం లాంటివే ఎదురయ్యాయి, పక్కన వాడు లేడు. మొన్నామధ్య పెళ్ళిలో కలిసినప్పుడు సారీ రా అన్నా. "అది సర్లే, బైండింగ్‌కి అరవై రూపాయలు నేనే ఇచ్చా, అదెప్పుడిస్తావ్" అన్నాడు వెధవ.

మన తెలుగు పిల్లలకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటర్ రెండేళ్ళు ఎలా చదివావో గుర్తు తెచ్చుకో, పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వీకెండ్ ఎగ్జామ్, గోడ మీద ర్యాంకుల లిస్టు, రెండు మార్కులు తగ్గితే సెక్షన్ మారిపోద్ది. పక్కవాడికి కనబడకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని రాసిన పిల్లలం మనం. మేం ఎంసెట్ అన్నా, 2021 నుంచి ఆంధ్రాలో మీరు ఈఏపీసెట్ అన్నా లోపలి లెక్క ఒకటే, వాడు ఒకటి పైకెళ్తే నేను ఒకటి కిందికి. అలా పెంచిన పిల్లల్ని తీసుకొచ్చి ఒక్క క్లాసు కూడా చెప్పకుండా నలుగురు కూర్చుని పంచుకుని చెయ్యండి అంటే, పంచుకోవడం ఎప్పుడు నేర్చుకున్నారని?

మరి ఎందుకు పెడతారంటావా. మా తరఫు నిజం చెప్తా, స్టాఫ్ రూమ్‌లో చెప్పేది ఒకటి, ఫైల్‌లో రాసేది ఒకటి. 60 మంది క్లాసుకి విడివిడిగా ఇస్తే 60 రిపోర్టులు దిద్దాలి, నలుగురికొకటి ఇస్తే 15. ఇది మొదటి కారణం, ఎవరూ పైకి ఒప్పుకోరు. రెండోది అక్రిడిటేషన్, కోర్సులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ వాళ్ళు ఇంజనీర్‌కి ఉండాల్సిన లక్షణాలని 12 అంశాలు పెట్టారు, చాలా ఏళ్ళు అందరూ వాడిన ఆ లిస్టులో తొమ్మిదోది వ్యక్తిగానూ టీమ్‌లోనూ పనిచెయ్యగలగడం, గ్రూప్ ప్రాజెక్ట్ పెడితే ఆ గడి నిండుతుంది. టీమ్‌లో పనిచెయ్యడం నేర్పామా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. మూడోది అసలైన కారణం, కొన్ని పనులు ఒక్కడివల్ల కావు, అంతే. ఇక "కంపెనీలో కూడా టీమ్ వర్కే కదా" అనే మాట సగమే నిజం. ఆరేళ్ళు చేశా కాబట్టి చెప్తున్నా, కంపెనీలో మేనేజర్ ఉంటాడు, టికెట్ మీద, అంటే ఒక్కో పనికీ రాసే చీటీ మీద, పేరు ఉంటుంది, కోడ్ ఎవరు ఎప్పుడు పెట్టారో గిట్ అనే కోడ్ రికార్డులో కనిపిస్తుంది, జీతం ఉంటుంది, మరీ చెయ్యకపోతే పంపించేస్తారు. మీ నలుగురిలో ఎవడికి ఎవడు బాస్? అధికారం లేకుండా బాధ్యత మాత్రం నీ నెత్తిన పడింది, కంపెనీలో అనుభవం ఉన్న లీడ్‌కే అది కష్టం, 21 ఏళ్ళ పిల్లవి నీకు తేలిగ్గా ఎలా ఉంటుంది.

ఇక మన ఊరి బాధలు. మీ ముగ్గురూ మారతహళ్ళి పీజీల్లో ఉన్నారన్నావు, హాసన్ అబ్బాయి ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర అక్కా వాళ్ళింట్లో. సాయంత్రం ఆరింటికి "మా పీజీ దగ్గర మీటింగ్" అని మెసేజ్ పెడితే ఆ అబ్బాయి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి రావాలి, వచ్చేసరికి రెండు గంటలు, తిరిగెళ్ళడానికి ఇంకో గంటన్నర, మళ్ళీ పదింటికి మీ అమ్మాయిల పీజీ గేటు మూసేస్తారు. రెండుసార్లు రాకపోతే "వాడికి ఇంట్రెస్ట్ లేదు" అని ముద్ర పడిపోద్ది. దానికి తోడు అన్నీ తెలుగులోనే మాట్లాడుకుంటాం అన్నావు చూడు, అక్కడే నాకు గుండె జారింది. ఆ అబ్బాయికి తెలుగొచ్చా? సినిమాలు చూసి నాలుగు ముక్కలు అర్థమైతే అయ్యుండొచ్చు, బెంగళూరులో చాలామందికి అవుతాయి. కానీ పని పంచుకునేది తెలుగులో, జోకులు తెలుగులో, ఆఖర్న ఇంగ్లీషులో "బ్రో సెండ్ ఇట్ బై ఫ్రైడే" అని ఒక్క మెసేజ్ పోతే, అది వాడికి ఎలా వినబడుతుంది? అదే నువ్వు ఒక కన్నడ గ్రూప్‌లో ఒక్కదానివే ఉండి, వాళ్ళు "నాళె మాడోణ" అంటే రేపు చేద్దాం అని కన్నడలో అనుకుంటూ పోతుంటే ఎన్ని రోజులు నోరు తెరుస్తావు? నేను ఇక్కడ టీచింగ్‌లో చేరిన కొత్తలో స్టాఫ్ రూమ్‌లో ఇదే పడ్డా, కన్నడ వచ్చేదాకా లంచ్ టైమ్‌లో నా టిఫిన్ బాక్సుతోనే నా మాటలు.

సరే, ఏడు వారాల్లో ఏం చెయ్యాలి.

మొదట పంచే తీరు మార్చు. "నువ్వు పీపీటీ, నువ్వు రిపోర్ట్, నేను కోడ్" అని ఎప్పుడూ పంచొద్దు, అలా పంచితే పీపీటీ వాడికి ప్రాజెక్ట్ ఎప్పటికీ అర్థం కాదు. ప్రాజెక్ట్‌ని నిలువుగా కొయ్యి, ఒక మాడ్యూల్, అంటే ప్రాజెక్ట్‌లో ఒక భాగం, తీసుకున్నవాడు దాని కోడ్, దాని టెస్టింగ్, రిపోర్ట్‌లో దాని చాప్టర్, వైవాలో దాని ప్రశ్నలు, అన్నీ వాడివే. నలుగురూ అన్నిటి గురించీ మాట్లాడుకోవాలంటే ఆరు జంటల మధ్య మాటలు నడవాలి, అదే ఆరుగురైతే 15 జంటలు, అందుకే పెద్ద గ్రూపుల్లో మంత్రసానులు ఎక్కువైతే బిడ్డ వంకర పోయినట్టు ఉంటుంది. నలుగురైనా సరే ఇద్దరిద్దరుగా విడదీసుకోండి. ఆ హాసన్ అబ్బాయితో నువ్వు జంటగా ఉండు, మిగతా ఇద్దరు తెలుగువాళ్ళని ఒక జంట చెయ్యి, వాళ్ళు ఫ్రెండ్స్ కాబట్టి ఒకడి మీద ఒకడు ఆధారపడతారు అని భయం వద్దు, దాక్కోవడానికి చోటే లేకపోతే ఫ్రెండే ఫ్రెండ్‌ని బాగా తిడతాడు.

గ్రూప్‌లో మెసేజ్ పెట్టు, తెలుగులో కాదు, ఇంగ్లీషులో. అర్థం మాత్రం ఇలా ఉండాలి: "గాయ్స్, ఫైనల్‌కి ఏడు వారాలే ఉంది, వైవాలో ఒక్కొక్కర్నీ విడిగా అడుగుతారు. ఇప్పటిదాకా చాలావరకు నేనే నా దగ్గర పెట్టేసుకున్నా, అది కరెక్ట్ కాదు. నాలుగు మాడ్యూల్స్ కింద రాశా, ఎవరికి ఏది కావాలో శుక్రవారం లోపు పెట్టండి. శనివారం పదకొండుకి గూగుల్ మీట్, అరగంట." చూశావా, ఇందులో ఎవర్నీ ఏమీ అనలేదు, వైవా భయం మాత్రం చెప్పావు, అది చాలు. మీటింగ్ పీజీలో పెట్టకు, ఫోన్‌లోనే. మీట్ అయ్యాక ఎవరు ఏం తీసుకున్నారో, ఎప్పటికో అదే గ్రూప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టు. వారానికొకసారి ఇంతే, ఇరవై నిమిషాలు మించొద్దు. ఎవరైనా తెచ్చింది బాలేకపోతే డిలీట్ చెయ్యకు, కామెంట్ పెట్టి వాళ్ళ చేతే మార్పించు, నువ్వు చేస్తే పది నిమిషాలు, వాళ్ళ చేత చేయిస్తే రెండు రోజులు, తెలుసు, అయినా సరే.

ఈమధ్య కొత్తగా వచ్చిన జబ్బు కూడా చెప్పాలి, నీ గ్రూప్‌లోనూ వస్తుంది. పని అడిగితే అరగంటలో చాట్‌జీపీటీ నుంచి పన్నెండు పేజీలు దించి పంపేస్తారు. పైకి చూస్తే పని చేసినట్టే ఉంటుంది, దాంట్లో ఏది మీ ప్రాజెక్ట్‌కి సంబంధించింది ఏది కాదు అని ఏరే పని మళ్ళీ నీ నెత్తిన. నేను రివ్యూల్లో ఏం చేస్తానంటే ఆ పేజీల్లో ఒక వాక్యం వేలు పెట్టి చూపించి దీన్ని నీ మాటల్లో చెప్పు అంటా, కన్నడలో చెప్పినా తెలుగులో చెప్పినా పర్లేదు అంటా. చెప్పగలిగితే అది వాడిదే, ఎక్కణ్ణించి తెచ్చినా సరే. నువ్వు కూడా శనివారం మీట్‌లో అదే చెయ్యి, పోలీసులా కాదు, "ఇది నాకర్థం కాలేదు, ఒకసారి చెప్తావా" అని.

పది రోజులయ్యాక కూడా ఒకడు కదలకపోతే అప్పుడు గైడ్ దగ్గరికెళ్ళు. తేదీలు, ఎవరు ఏ మాడ్యూల్ ఒప్పుకున్నారు, ఏది వచ్చింది, ఏది రాలేదు, ఒక్క పేజీ. వాడి క్యారెక్టర్ గురించి ఒక్క మాట వద్దు. మాలాంటివాళ్ళకి "వాడు సోమరి సార్" అంటే ఏం చెయ్యాలో తెలీదు, ఇద్దరి మధ్య గొడవనుకుంటాం, "మాడ్యూల్ మూడు అక్టోబర్ పన్నెండుకి ఒప్పుకున్నారు, ఇంకా మొదలవ్వలేదు" అంటే తెలుస్తుంది. ఇంకోటి అడుగు, ఫైనల్ రివ్యూలో సగం మార్కులైనా విడిగా వెయ్యమని. చాలామంది గైడ్‌లు దానికి ఒప్పుకుంటారు, ఎందుకంటే ఎవరూ అడగరు కాబట్టి వాళ్ళూ వెయ్యట్లేదు.

మార్కులు విడదీసే పద్ధతి ఒకటి నేను వాడతా, చాలా యూనివర్సిటీల్లో ఇలాంటివే వాడతారు. ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురికీ పదికి రహస్యంగా మార్కులేస్తారు. నీ గ్రూప్ 35నే తీసుకుందాం. నలుగురికి వచ్చిన సగటులు 9, 8, 7, 4 అనుకో, నాలుగింటి సగటు 7. ఎవరి సగటుని ఆ 7తో భాగించి, దాన్ని 35తో గుణించడమే. ఒకరికి 45, ఒకరికి 40, ఒకరికి 35, ఆఖరివాడికి 20. గ్రూప్ మార్కు అదే 35, కానీ చెంబులో ఏముందో బయటపడింది. దీంట్లో లొసుగు కూడా చెప్తా, మొదటి ఏడాది పెట్టినప్పుడు 11 గ్రూపుల్లో తొమ్మిది గ్రూపులు అందరికీ పదికి పది వేసుకున్నాయి, మనోడే కదా వెయ్యరా అని. తర్వాత ప్రతి మార్కు పక్కన ఒక్క లైను కారణం రాయాలి అన్నా, ఆఖర్లో ఒకసారి కాకుండా మధ్యలో ఒకసారి కూడా వేయించా, మధ్యలోవి మార్కుల్లో కలపను, వాళ్ళకి చూపిస్తా అంతే. 4 వచ్చిందని మధ్యలోనే తెలిసినవాడు సాధారణంగా 4 దగ్గర ఆగిపోడు. అప్పటికీ కుమ్మక్కయ్యే గ్రూపులు ఉంటాయి, వాటికి వైవాయే దిక్కు.

ఒకవేళ ఇవన్నీ చేసినా ఒకడు కదల్లేదనుకో, వాడి మాడ్యూల్ నువ్వు రాయకు. ఇది చెయ్యడమే నీకు అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు. ఆ మాడ్యూల్ లేకుండా నడిచేలా ప్రాజెక్ట్ స్కోప్ తగ్గించుకుంటాం అని గైడ్‌కి రెండు వారాల ముందే చెప్పి, మూడు మాడ్యూల్స్‌తో చూపించు. ప్రాజెక్ట్ చిన్నదైందని ఎవరూ ఫెయిల్ చెయ్యరు.

ఇదంతా రేపట్నించి. ఇవాళ రాత్రికి ఒక్క పని చెయ్యి, హాసన్ అబ్బాయి పంపింది ఎక్కడుందో వెతికి తెరువు, మెయిల్‌లో ఉంటుంది, లేకపోతే డాక్ వర్షన్ హిస్టరీలో. మొత్తం చదువు, ఇంగ్లీషు సంగతి పక్కన పెట్టి. అందులో నీ రిపోర్ట్‌లో లేనిది ఒక్కటైనా ఉందేమో చూసి, ఉంటే ఆ లైను కాపీ చేసి వాడికే పంపి, దీన్ని పెంచుదామా అని అడుగు. లేకపోతే లేదని ఇక్కడే రాయి, అప్పుడు వేరేలా ఆలోచిద్దాం.